నాన్న ఒక్క గుళిక మిగల్చలేదు

మా రోజుల్లో అనకాపల్లిలో జ్వరమొస్తే ముందు లంఖణం, ఆపైన శొంఠి కషాయం. అప్పటికీ తగ్గకపోతేనే డాక్టరుగారు. ఆయన నాడి పట్టుకుని, నాలుక చూసి మందు రాస్తే, కాంపౌండరు సీసాలో మిక్చరు పోసి, మోతాదు తెలిసేలా కాగితం కత్తిరించి అంటించేవాడు.

ఇప్పుడో? మనవడు రెండు తుమ్ములు తుమ్మితే చాలు, మా అబ్బాయి మందుల షాపుకెళ్లి "గట్టిదేదైనా ఇవ్వండి" అంటాడు. చీటీ అడిగేవాడు లేడు. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ చేతిలో పడుతుంది. బెల్లం దిమ్మ కొనాలంటే రంగు చూసి, చిదిమి రుచి చూసి, బేరమాడే ఊరు మాది. మందు దగ్గర ఆ నిదానం ఏమైపోయింది?

జలుబు వైరస్‌తో వస్తుంది. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాని. ఆ మాత్రతో జలుబు తగ్గదు సరికదా, ఒంట్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, మందుకు లొంగని మొండివాటికి చోటు దొరుకుతుంది.

మా మేనత్త పన్నెండేళ్లకే టైఫాయిడ్‌తో పోయింది. అప్పటికి దానికి మందు లేదు. 1956లో నాకూ అదే జ్వరం. ఈసారి క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఉంది. నాన్న అలారం పెట్టుకుని అర్ధరాత్రి లేచి, వేళ తప్పకుండా గుళిక మింగించాడు. జ్వరం దిగాక కూడా, డాక్టరుగారు చెప్పిన చివరి గుళిక దాకా ఆపలేదు. చెల్లెల్ని పోగొట్టుకున్నవాడికి దాని విలువ తెలుసు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన పరిశోధన విభాగం నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ లోకానికి అందింది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ అయితే 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే చెప్పాడు, చాలీచాలని మోతాదు వాడితే క్రిములు రాటుదేలతాయని. ఎవరు విన్నారు? ఒక్క 2019లోనే మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక అంచనా వేసింది.

తప్పు మింగేవాళ్లదే కాదు. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. మన జిల్లాలోనూ పరవాడ ఫార్మా సిటీ ఉంది. అక్కడి నీళ్లలో ఏముందో పరీక్షించి చెప్పమని మనమే అడగాలి.

నిరుడు నాకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. కల్చర్ రిపోర్టులో మందుల పేర్ల పక్కన వరసగా 'ఆర్' అనే అక్షరం. ఆ మందుకు క్రిమి లొంగదని అర్థం. మాత్రలేవీ పనికిరాక వారం రోజులు సూదులు పొడిపించుకున్నాను.

ఇంటికొచ్చి అలమారు సొరుగు లాగితే, సగం వాడి పారేసిన స్ట్రిప్పులు ఏడు. ప్రతిదాని మీదా ఎర్ర గీత, డాక్టరు చీటీ లేనిదే వాడొద్దని. మా అబ్బాయిని పిలిచి, వాటి పక్కనే ఆ రిపోర్టు పెట్టి, వాళ్ల తాత అలారం సంగతి చెప్పాను.