పంతొమ్మిది నెంబరు బోల్టు

“అది పంతొమ్మిది నెంబరు బోల్టు సామీ, డబ్బాలో యా నట్టు తీసినా ఎక్కుతాది.” వేప్పనపల్లిలో పాత అంబాసిడర్ కింద నుంచి ఈ తీర్పు వెలువడిందంటే ఇక అప్పీలు లేదు. అన్ని ఊళ్ళలోనూ ఇంతే అనుకోండి, మావైపు ధీమా కాస్త ఎక్కువ.

పంతొమ్మిది అనేది బోల్టు కొలత కాదు, దాన్ని తిప్పే స్పానరు కొలత. తలపాగా కొలిచి చొక్కా కుట్టే దర్జీని ఊళ్ళో ఒక్క రోజు ఉండనివ్వం. కమాన్ కట్ట యూ బోల్టు దగ్గర మాత్రం ఆ విద్యకే దండం పెడతాం.

ఆ పంతొమ్మిదిలో ఇద్దరున్నారు. ఒకరు పాత లెక్క 12 మిల్లీమీటర్ల బోల్టు. రెండోవారు యూఎన్ఎఫ్ అనే సన్న థ్రెడ్డు అరంగుళం బోల్టు. దాని తల ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు. స్పానరుకు ఇద్దరూ ఒకటే. 12లో సన్న థ్రెడ్డు రకానికి చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం 1.25 మిల్లీమీటర్లు. అరంగుళంలో అంగుళానికి 20 చుట్లు, అంటే ఎడం 1.27. తేడా వెంట్రుక మందం కూడా లేదు. లావులో మాత్రం 0.7 తేడా. అందుకే అరంగుళం నట్టు 12 బోల్టు మీదికి వేళ్ళతోనే ఎక్కేస్తుంది. “చూడండి, వెన్న మాదిరి పొయ్యింది” అని మెకానిక్ మురిసిపోతాడు. జబ్బే అది. చుట్లు సగం లోతే పట్టుకుంటాయి. స్పానరుకు బిగిసినట్టే ఉంటుంది. చక్రం పెద్ద గుంతలో పడ్డ రోజు నట్టు తన థ్రెడ్డంతా గీక్కుని ఊడొస్తుంది. అప్పుడు రెండో తీర్పు: “కంపెనీ మాలు కాదు సామీ, డూప్లికేటు.”

పాపం, ఈ గందరగోళాన్ని షెడ్డువాళ్ళు పుట్టించలేదు. అంబాసిడర్‌కు పెద్దలైన మోరిస్ కార్లకు తొలి రోజుల్లో ఇంజన్లు చేసిన కోవెంట్రీ ఫ్యాక్టరీలో ఫ్రెంచి యంత్రాలుండేవి. కనుక థ్రెడ్డు మెట్రిక్‌లో కోసి, తల మాత్రం బ్రిటిష్ విట్‌వర్త్ స్పానరుకు పట్టేలా చేశారు! స్పానరును నమ్మొద్దని ఇంతకన్నా గట్టిగా ఎవరు చెబుతారు? మన దేశం 1958 అక్టోబరులో కిలోలూ మీటర్లలోకి అడుగుపెట్టింది. అటూఇటూగా అప్పుడే ఉత్తరపారాలో అంబాసిడర్ అంగుళాల బోల్టులతో పుట్టింది. 1990లలో దాని బానెట్ కిందికి ఇసుజు ఇంజన్ తన మిల్లీమీటర్లతో వచ్చి చేరింది. పద్మిని కారు ఫియట్ బిడ్డ కాబట్టి మొదట్నుంచీ మెట్రిక్కే. 2014లో అంబాసిడర్ ఆగిపోయింది గానీ, ఈ మూడు సంసారాల బోల్టులూ షెడ్డులో ఒకే డాల్డా డబ్బాలో కాపురముంటున్నాయి.

మేమున్నది ఏ అడవిలోనో కాదు. హోసూరులో టైటాన్ వాచీలు చేస్తారు, కంటికి ఆనని మరలు బిగిస్తారు. టీవీఎస్, అశోక్ లేలాండ్ అక్కడే. ఆ ఫ్యాక్టరీల గేటు లోపల గేజి లేకుండా ఒక్క బోల్టు కొలవని మనిషి, ఆదివారం సొంత బండి దగ్గరికొచ్చేసరికి “మావాడి చెయ్యే గేజి” అంటాడు. సీటు కవర్లకు వేలు పోస్తాడు, బంపరుకు నిమ్మకాయలు వారం తప్పకుండా మారుస్తాడు. థ్రెడ్డు గేజి కొందామంటే మాత్రం “అవన్నీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకప్పా” అని నవ్వుతాడు.

సరే, చెయ్యే గేజి అనుకుందాం. దుకాణానికి పాత బోల్టే పట్టుకెళ్ళండి. దుకాణదారు “ఎన్నో నెంబరు?” అంటే జవాబివ్వకండి. ముందు వెర్నియర్‌తో లావు కొలవండి, 12కు దగ్గరో 12.7కు దగ్గరో తేలిపోతుంది. తర్వాత అతనిచ్చిన నట్టును సగం ఎక్కించి అటూఇటూ ఊపండి. టకటకమని ఆడితే వెనక్కిచ్చెయ్యండి, అతను తిరుపతి వెంకన్న మీద ఒట్టేసినా సరే.