మగపెళ్లివారి విందు

అమెరికాలో పెళ్లికి ముందురోజు రాత్రి పెట్టే విందు ఆనవాయితీగా మగపెళ్లివారిది. రిహార్సల్ డిన్నర్ అంటారు. ఆ సాయంత్రం చర్చిలో ఎవరి వెనక ఎవరు నడవాలి, ఎవరు ఏ పక్కన నిలబడాలి, ఉంగరాలు ఎవరి దగ్గర ఉండాలి అన్నీ ఒకసారి నడిచి చూసుకుంటారు. అదవగానే రెండు కుటుంబాలవాళ్లూ, తోడుపెళ్లికొడుకులూ, తోడుపెళ్లికూతుళ్లూ, పాస్టరుగారూ ఒకచోట భోంచేస్తారు. పెళ్లి ఖర్చు ఆడపిల్లవారు పెట్టుకునే చోట, ఈ ఒక్కపూట భోజనమైనా అబ్బాయి తల్లిదండ్రులు పెట్టాలన్నది అక్కడి మర్యాద.

నా మేనల్లుడు డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాడు. టెక్సస్ అమ్మాయిని చేసుకున్నాడు. ఈ విందు సంగతి ఫోన్లో చెప్పగానే మా బావగారు ఎంత సంబరపడ్డారో! "మంచి పద్ధతేరా. మనవేపు మగపెళ్లివారంటే కాళ్లు కడిగించుకుని కూర్చోడమే కదా. మీ అక్క పెళ్లిలో మీ నాన్నగారు ఒక్క ముద్ద నోట పెట్టకుండా పంక్తుల మధ్య తిరుగుతూనే ఉన్నారు. నేను చూశాను. ఈసారి నేను తిరుగుతాను" అన్నారు.

బావగారు శ్రీకాకుళం జిల్లాలో తెలుగు మేష్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని పంచెలో తప్ప చూసినవాళ్లు ఊళ్లో లేరు. అదీ పొందూరు పంచె. ఆ ఖద్దరు ఎలా తయారవుతుందో చూసినవాళ్లు దాన్ని మామూలు బట్ట అనలేరు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని సన్నటి పళ్లకు నలుసంతా వచ్చేస్తుంది. ఏకిన పత్తిని ఏకులు చేసి ఎండిన అరటి దొప్పలో దాచుకుని, ఆడవాళ్లు ఒంటికదురు రాట్నం మీద వడుకుతారు. ఆ నూలు సన్నదనం విని గాంధీగారు స్వయంగా చూసి రమ్మని కొడుకు దేవదాసును పొందూరు పంపారు. పెళ్లికని బావగారు అలాంటి పంచెల చాపు ఒకటి, అదే ఊరి ఉత్తరీయం ఒకటి నేయించి తెచ్చుకున్నారు. విమానం దిగిన రాత్రే పెట్టె తెరిచి, మడత నలిగిందేమోనని రెండు చేతులమీదా పరుచుకుని చూసుకున్నారు.

"నాన్నా, విందుకి ఇది కాదు" అన్నాడు మావాడు.

పిలుపు కార్డు మీద కాక్‌టెయిల్ అటైర్ అని వేయించారు. డ్రెస్ కోడ్ అంటే నాకు చిన్నచూపేమీ లేదు. ఏం వేసుకురావాలో తెలియక అతిథి గుమ్మంలో చిన్నబోకూడదని పిలిచినవాళ్లు ముందే చెప్పే మాట అది. బ్లాక్ టై అని వేస్తే మగవాళ్లకు టక్సీడో. కాక్‌టెయిల్ అంటే సూటో, కోటూ మంచి పాంటో, ఇస్త్రీ చొక్కా, తోలు బూట్లు. టై కట్టుకున్నా సరే, మానేసినా సరే. రిహార్సల్ డిన్నర్ అన్నాక పెళ్లినాటి సూటుకంటే ఒక మెట్టు కిందే ఉండాలి. ముదురు నీలమో బూడిదరంగో కోటు, లోపల లేతరంగు చొక్కా ఉంటే మగవాళ్లకు ఇంక ఆలోచన అక్కర్లేదు. జీన్స్, టీషర్టు, ఆటల బూట్లు సాధారణంగా పనికిరావు. ఇంతే. ఇందులో ఎక్కడా జరీ అంచు పంచె కట్టుకోకూడదని లేదు. ఎవరి దేశంలో వాళ్లు పెళ్లికి కట్టుకునే బట్ట ఆ కార్డుకు సరిపోయే బట్టే.

మా అక్క ఆ రాత్రి ఉప్పాడ జామ్‌దానీ చీర కట్టుకుంటోంది. ఆమెను గౌను వేసుకోమని ఎవరూ అనలేదు సరికదా, పెళ్లికూతురు దగ్గరుండి చీర ఎంపిక చేసింది. చీరకు లేని అభ్యంతరం పంచెకెందుకొచ్చిందో నాకు ఈనాటికీ అర్థం కాదు. అమెరికాలో ఇన్నేళ్లుగా మన పెళ్లిళ్లు చూస్తున్నాను. ఆడవాళ్లు పట్టుచీరల్లో మహాలక్ష్ముల్లా తిరుగుతారు, పక్కన మగవాళ్లు మెడకు పట్టని కాలర్లో బిగుసుకుపోయి ఉంటారు.

"పంచె కట్టుకోనీరా, లేకపోతే నీలం కోటన్నా కొను" అన్నాను మేనల్లుడితో.

"పంచెలో వస్తే అందరూ నాన్ననే చూస్తారు మావయ్యా. ఆయనే ఇబ్బంది పడతారు. నల్లసూటు, తెల్లచొక్కా, నల్ల టై అయితే ఎవరూ వేలెత్తి చూపించలేరు. అందరిలో కలిసిపోతారు" అన్నాడు.

వాడు తండ్రిని తక్కువ చేసే పిల్లాడు కాడు. ఆ మాట గట్టిగా చెప్పాలి. బావగారికి చల్లటి నీళ్లు పడవు, గొంతు పట్టేస్తుంది. ఆ దేశంలో ఏ హోటల్‌కి వెళ్లినా గ్లాసునిండా ఐసు వేసి తెచ్చిపెడతారు. వాడు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చోకముందే వెయిటర్‌ని పిలిచి, మా నాన్నగారికి ఐసు లేకుండా తెండి అని చెప్పేవాడు. ఒక్కచోట కూడా మర్చిపోగా నేను చూడలేదు.

సూటు కొన్నారు. దుకాణంలో అద్దం ముందు మావాడు వంగి కోటు కింది బొత్తాం విప్పాడు. "ఇది పెట్టుకోకూడదు నాన్నా, పైదొక్కటే." ఆయన తలూపారు. నేను ఆయన ఎడమచెయ్యి చూస్తున్నాను. నడుస్తున్నప్పుడు కుచ్చెళ్ల కొస పైకెత్తి పట్టుకునే చెయ్యి అది. ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేక పాంటు పక్కన వేళ్లు మూసి తెరుస్తోంది. "బావుందిరా" అన్నారు కొడుకు వంక చూసి. కొడుకు కొన్నాడని బావుంది.

విందు రోజు వచ్చింది. రెస్టారెంటులో పక్క హాలు మొత్తం మాకే ఇచ్చారు. ముందుగా వియ్యంకుడుగారు వచ్చారు. గోధుమరంగు కోటు, కాలికి కౌబాయ్ బూట్లు, గంజి పెట్టి కత్తిలా మడత తీసిన జీన్స్! టెక్సస్ మగవాళ్లకు అది పెద్ద మర్యాద దుస్తు. వాళ్ల పశువుల కొట్టాల నుంచి, వాళ్ల తాతల నుంచి వచ్చింది. పెళ్లికూతురి తాతగారైతే మెడలో నీలిరాయి పొదిగిన బోలో టై వేసుకొచ్చారు. అల్లిన తోలుతాడు, మధ్యలో బిళ్ల. 2007లో దాన్ని తమ రాష్ట్రపు అధికారిక టైగా ప్రకటించుకున్నారు టెక్సస్ వాళ్లు. పెద్దాయన దాన్ని వేలితో సర్దుకుంటూ, ఇది మా నాన్నది అని నాకు చెప్పారు. కుర్రాళ్లంతా నీలం కోట్లు, టైలు లేవు. మావాడు బూడిదరంగు కోటు వేసుకుని, జేబులో పువ్వుల చేతిరుమాలు పెట్టుకున్నాడు.

బావగారు కూర్చోలేదు. అన్నమాట ప్రకారం గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ తల వంచారు. ఎవరో కుర్రాడు చేతులు కడుక్కునే చోటెక్కడని అడిగితే తలుపుదాకా వెంటబెట్టుకెళ్లి చూపించారు. ఒకావిడ తన శాలువా అందిస్తే మడతపెట్టి జాగ్రత్తగా కుర్చీమీద వేశారు. ఇంకెవరో మాంసం లేనిది ఏదని అడిగితే ఆయనకు అన్నింటికంటే బాగా తెలిసిన సంగతి అదే కాబట్టి, గిన్నె గిన్నె దగ్గరా ఆగి వివరించారు. నా పక్కకి వచ్చినప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది.

"చూశావురా! పరిచయం చెయ్యకుండానే అందరూ నన్నే అడుగుతున్నారు. విందు ఎవరిదో తెలిసిపోయింది వాళ్లకి" అన్నారు.

నేను హాలంతా ఒకసారి చూశాను. నల్లసూటు, తెల్లచొక్కా, నల్ల టైలో మరో నలుగురు ఉన్నారు. నలుగురి చేతుల్లోనూ పళ్లేలున్నాయి.

ఏం చెప్పను? నోరు పెగల్లేదు. ఇంతలో ఆయన అక్కణ్ణుంచి కదిలారు. పెళ్లికూతురి అమ్మమ్మగారి గ్లాసు ఖాళీ అవడం ఆయన కంట పడింది. పక్కబల్ల మీద మంచినీళ్ల జగ్గు తీసుకుని, మా నాన్న ఆనాడు పంక్తిలో వంగినట్టే వంగి, నెమ్మదిగా పోస్తున్నారు. ఆవిడ చాలు అంటే, ఇంకొంచెం అన్నట్టు తలూపి మరికాస్త పోశారు.

అవతల ప్రసంగాలకు గ్లాసుల మీద చెంచాలు మోగిస్తున్నారు. మొదట మాట్లాడాల్సింది మగపెళ్లివారి పెద్ద. మేనల్లుడు తండ్రిని వెతుక్కుంటూ బల్లల మధ్య గబగబా వచ్చాడు. కూర్చున్న అందరి మొహాలూ చూస్తున్నాడు. నిలబడ్డవాళ్లని చూడటంలేదు. వంగి ఉన్న నల్లకోటు వెనక ఆగి, ఎంతో మర్యాదగా, ఇంగ్లీషులో అన్నాడు:

"సర్, ఏమీ అనుకోకండి. ఆ పెద్ద బల్ల దగ్గరికి మా నాన్నగారు వస్తారు. ఆయనకి మంచినీళ్లు పెడతారా? ఐసు వద్దు. ఐసు ఆయనకి పడదు."

బావగారు జగ్గు బల్లమీద పెట్టారు. వెనక్కి తిరిగారు.

"అలాగే నాయనా" అన్నారు.

మర్నాడు చర్చికి ఆయన పొందూరు పంచెలో వచ్చారు. సూటు మాట ఎవరూ ఎత్తలేదు.