వాటర్లూ ఆటవెలదికి టీకా తాత్పర్యం

బల్లపైన సేన బారులు దీరఁగ
పాచికాజ్ఞ కెదురు పలుకు గలదె
చేయి యందునంతె చిన్న రాజ్యమ్మురా
పొద్దు వాలులోన పోరు తెగునె

అవతారిక: 1815 జూన్ 18న, నేటి బెల్జియంలో, ఒక్క పగటిలో తేలిపోయిన వాటర్లూ యుద్ధాన్ని బ్రిటన్‌లోని క్లబ్బులవాళ్లు చిటికెన వేలంత బొమ్మలతో ఇప్పటికీ తేల్చుకుంటూనే ఉన్నారు. అటువంటి ఒక పెద్ద ఆట నాడు, హాలు తాళం తీస్తుండగా కవి ఈ పద్యం చెప్పాడని వినికిడి. కవి పేరు తెలియదు. నాలుగో పాదంలోని వేదనను బట్టి ప్రష్యన్ల పక్షాన ఆడినవాడని మా ఊహ.

ప్రతిపదార్థం: బల్లపైన = మడత బల్లలు జతచేసి పచ్చ గుడ్డ పరిచిన రణరంగం మీద; సేన = 28 మిల్లీమీటర్ల బొమ్మల దండు; బారులు దీరఁగ = వరసలు కట్టి నిలవగా; పాచికాజ్ఞకు = పాచిక చెప్పిన మాటకు; ఎదురు పలుకు = మారుమాట; కలదె = ఉన్నదా? (ఉన్నది. ముందు చూడగలరు.) చేయి అందునంతె = చేయి చాచితే అందినంత మేరే; చిన్న రాజ్యమ్ము = సేనాపతి ఏలుబడి; పొద్దు వాలులోన = హాలు ఖాళీ చేసే లోపల; పోరు = యుద్ధం; తెగునె = తేలునా?

టీక: సేన అని ఏకవచనం వేసినా మూడు సేనలని గ్రహించాలి. ఆనాడు ఫ్రెంచివారు, బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ పక్షంవారు, ప్రష్యన్లు కలిసి 2 లక్షలకు దగ్గరగా ఉన్నారు. ఒక బొమ్మను 20 మందికి లెక్కగట్టే పద్ధతిలో కూడా దాదాపు 10 వేల బొమ్మలు కావాలి. ఇది ఒక్క మనిషి అలమరాలోంచి వచ్చేది కాదు కాబట్టే క్లబ్బు. 2019 జూన్‌లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 20 వేలకు పైగా బొమ్మలతో ఈ యుద్ధమే ఆడారు. మాజీ సైనికులను వెంటబెట్టుకుని అసలు రణభూమిలో తవ్వకాలు జరిపే ‘వాటర్లూ అన్‌కవర్డ్’ సంస్థ కోసం ఆ ఆట. బొమ్మలన్నీ చేత్తో రంగులేసినవే. బ్రిటిష్ 73వ రెజిమెంటు కాలరు ముదురాకుపచ్చ, 30వ దానిది లేత పసుపు. ఈ తేడా మూడడుగుల దూరం నుంచి కనపడదు. కనపడదని పైకి అన్నవాణ్ణి మాత్రం క్లబ్బులో ఎవరూ క్షమించరు.

శంక: సీసపు బొమ్మల మీది పద్యం సీసంలోనే ఉండొద్దా, ఆటవెలది ఏమిటి? సమాధానం: ఇప్పటి బొమ్మల్లో సీసం బాగా తగ్గిపోయింది. తగరపు మిశ్రమం, ప్లాస్టిక్కు వచ్చాయి. కనుక దోషం లేదు.

‘పాచికాజ్ఞ’ దగ్గర కాస్త ఆగాలి. ‘బ్లాక్ పౌడర్’ అనే నియమావళిలో సేనాపతి ముందుగా ఆజ్ఞను నోటితో పైకి చెప్పాలి, ఆ తర్వాతే రెండు పాచికలు వేయాలి. “ఈ బ్రిగేడు గుట్ట దాటి, తోట పక్కగా తిరిగి, శత్రువు మీద పడుతుంది” అని గొంతెత్తి చెప్తాడు. పాచికల మొత్తం అతని సామర్థ్యపు అంకె దాటిందా, బ్రిగేడు అడుగు కదపదు. రెండూ ఆరులు పడితే ఘోరం. ఇంకో పాచిక వేసి, అది చూపిన పక్కకు దళాన్ని తోలాలి. ఆ పక్క వెనకే కావచ్చు. యుద్ధం నాటి మధ్యాహ్నం ఫ్రెంచి మార్షల్ నే పదాతిదళం తోడు లేకుండా వేల గుర్రాలను వెల్లింగ్టన్ పదాతి కట్టిన చతురస్రాల మీదికి ఎందుకు తోలాడని చరిత్రకారులు రెండు వందల ఏళ్లుగా వాదించుకుంటున్నారు. క్లబ్బులో ఆ వాదన లేదు. రెండు ఆరులు పడ్డాయి, అంతే.

‘ఎదురు పలుకు గలదె’ అన్నది కాకువు. ఉన్నదనే అర్థం. గోధుమచేను అంచుకు ఆని వాలి నిలిచిన పాచిక చెల్లుతుందా? (ఆ గోధుమచేను కాళ్లు తుడుచుకునే కొబ్బరిపీచు పట్టాను ముక్కలు కోసి పరిచినది. ఇంతకు మించిన చేను ఏ అంగడిలోనూ దొరకదు.) గుట్ట వెనకున్న ఫిరంగికి ఆ రెజిమెంటు కనపడుతుందా, లేదా? ఇది తేల్చడానికి పెద్దమనిషి ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని, గడ్డం బల్ల అంచుకు ఆనించి, ఒక కన్ను మూసి, బొమ్మ ఎత్తునుంచి చూస్తాడు. కనపడుతుందంటాడు. ఎదుటి పక్షం పెద్దమనిషి అటువైపు మోకరిల్లి కనపడదంటాడు.

ఇక ‘చేయి యందునంతె’. పద్యానికి ప్రాణం ఇదే. బల్ల పొడవు 20 అడుగులైనా బాధ లేదు, నడిచి వెళ్లొచ్చు. వెడల్పు మాత్రం ఆరడుగులు దాటరాదు. రెండు వైపులనుంచి చేతులు చాస్తే మూడేసి అడుగులు. అంతకు మించిన నేల ఏ సామ్రాట్టుదీ కాదు. అందుకని ఎదురెదురు గుట్టలను దగ్గరికి జరుపుతారు. ఫలితంగా సేనలు పరిచీ పరచగానే ఫిరంగులకు అందుబాటులో ఉంటాయి. ప్రష్యన్లు వచ్చిపడే ప్లాన్సెన్వా గ్రామం వేరే బల్ల మీదికి పోతుంది. మధ్యలోని సందులో జనం టీ కప్పులతో నడుస్తుంటే, ఆ సందును ప్రష్యన్లు ఊహలోనే దాటాలి.

శంక: నడిమి బొమ్మలను కదిపేటప్పుడు స్వెట్టరు చేయి తగిలి స్కాట్స్ గ్రేస్ ఆశ్వికదళపు గుర్రాలు బోర్లా పడితే? సమాధానం: స్వెట్టరు వల్ల పడినవారు వీరస్వర్గానికి పోరు, లేచి నిలబడతారు.

‘పొద్దు వాలులోన’: ముందురాత్రి కురిసిన వానకు నేల ఆరాలని నెపోలియన్ ఆగాడు. యుద్ధం మొదలయ్యేసరికి పదకొండున్నర ప్రాంతం. క్లబ్బువాళ్లు తొమ్మిదింటికే వస్తారు. బల్లలు, గుడ్డ, గుట్టలు, చేలు, పెట్టెల్లోంచి ఒక్కో రెజిమెంటు, మధ్యలో టీ. మొదటి పాచిక పడేసరికి వాళ్లకూ పదకొండున్నరే. గుండీల రంగు కోసం కొట్టుకునేవారు కష్టపడకుండా సాధించిన చారిత్రక సత్యం ఈ ఆలస్యం ఒక్కటే అని మా నిశ్చయం. ఆనాడు ప్రష్యన్లు నాలుగున్నరకు రంగంలోకి దిగారు. హాలు ఆరింటికి ఖాళీ చేయాలి. ముదురు నీలి కోట్ల ప్రష్యన్ దళాలకు ఏడాది పొడుగునా రంగులేసిన మనిషి, పొద్దుటినుంచి బిస్కెట్లు తింటూ కాచుకుని, నాలుగు ఎత్తులు వేసేసరికి పక్కవాళ్లు పెట్టెలు తెరుస్తుంటారు.

పూర్వప్రమాణం: కెప్టెన్ విలియం సైబోర్న్ రణభూమిలోని లాఎసాంత్ పొలం ఇంట్లో ఎనిమిది నెలలు ఉండి నేల కొలిచి, 70 వేలకు పైగా బొమ్మలతో నమూనా కట్టి 1838లో లండన్‌లో ప్రదర్శించాడు. ఇప్పుడది అక్కడి నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. ఆయన యుద్ధం ఆడించలేదు, సాయంత్రం ఏడు గంటల ఘట్టాన్ని కదలకుండా నిలిపాడు. అయినా ఆ వేళకు ప్రష్యన్లు ఎక్కడున్నారన్నదాని మీద తగవు తప్పలేదు.

తాత్పర్యం: ఓయీ! బల్ల మీద సేనలు తీరాయి. పాచిక మాటకు అందరూ తలవంచుతారు, కాసేపు తగువాడాక. నీ రాజ్యం నీ చేతి పొడవంత. సాయంత్రానికి ఇది తేలదు. నిర్ణేత గడియారం చూసి వెల్లింగ్టన్ గెలిచాడంటాడు. ఫ్రెంచి పక్షం ఇంకొక్క ఎత్తు ఉంటే చాలునంటుంది. రెండూ నిజమే.

పాఠకులకు మనవి: చూడ్డానికి వెళ్లినప్పుడు బొమ్మను తుపాకి పట్టుకుని ఎత్తకండి. బయొనెట్టు వంగుతుంది, వేలికీ గుచ్చుకుంటుంది. కింది పీఠం పట్టుకుని ఎత్తండి, అదీ అడిగి.