ఐదు నిమిషాల దానం

కూర్చుని పనిచేసేవాళ్ల మీద జాలిపడి కేంద్ర ఆయుష్ శాఖ 2021లో ‘వై-బ్రేక్’ యాప్ తెచ్చింది. పని మధ్యలో ఐదంటే ఐదు నిమిషాలు ఆగి తాడాసనం, కటిచక్రాసనం, భ్రామరి, కాస్త ధ్యానం కానివ్వాలి. 2023లో కుర్చీ దిగకుండానే చేసే పద్ధతీ వచ్చింది. కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తే మందు కూడా కూర్చునే పుచ్చుకోవాలన్నమాట!

మాదాపూర్‌లో ఏదో ఒక ఆఫీసుకు వెళ్లి చూడండి. నాలుగింటికి హెచ్చార్ మేడమ్ పిలుపుతో అందరూ వరసగా నిలబడతారు. మెడలో ఐడీ కార్డు, చెవిలో ఇయర్‌ఫోను. చేతులు పైకి లేస్తాయి. ఎవడి వాచీలోనో క్లయింటు మెసేజీ వెలుగుతుంది, ఆ చెయ్యి టక్కున దిగిపోతుంది. భ్రామరిలో వినబడే ఝుంకారం సగం మనుషులది, సగం డెస్కుల మీద వణికే ఫోన్లది. ధ్యానంలో కళ్లు మూస్తే ఫొటో తీసేవాడు ఒప్పుకోడు, నిద్రపోతున్నట్టు పడుతోందట. ఈ ఐదు నిమిషాలను టైమ్‌షీట్‌లో ఏ ప్రాజెక్టు కింద రాయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

మన రాష్ట్రాల యోగభక్తీ తక్కువదేం కాదు. 2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందితో ఆసనాలు వేయించి గిన్నిస్ రికార్డు కొట్టారు. అదే నెల మొదట్లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజుకు తొమ్మిది గంటల పనిని పదికి పెంచడానికి సరేనంది. అంతకుముందు ఐదు గంటలు చేస్తే విశ్రాంతి, ఇకమీదట ఆరు గంటలు చెయ్యాలి. తెలంగాణ ఊరుకుంటుందా? జూలైలో వాణిజ్య సంస్థలకు పది గంటలు కానిమ్మని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటలే లెండి, అది దాటితే ఓవర్‌టైమ్ ఇస్తారట. ఇస్తే సంతోషమే.

గంట తీసుకుని ఐదు నిమిషాలు ఇస్తే యాభై ఐదు నిమిషాలు మిగులు. ఇంత లాభసాటి ఆసనం పతంజలికి కూడా తట్టలేదు.

అసలు మనకు సామూహిక విరామం లేకనా? నాలుగంతస్తులు దిగి, టీ బండి దగ్గర వన్ బై టూ చెప్పి, మేనేజర్ని తనివితీరా తిట్టుకుంటే ఆడే ఊపిరి ఏ ప్రాణాయామంలోనూ ఆడదు. కానీ దానికి యాప్ లేదు. పైగా సీట్లో లేడని కంప్యూటర్ పైకి చాడీ చెబుతుంది.

ఆ ఆసనాల వరసల మధ్యనుంచే హౌస్‌కీపింగ్ ఆవిడ తడిగుడ్డ కర్ర తోసుకుంటూ పోతుంది. ఆవిడకి బ్రేక్ లేదా అని అడిగితే హెచ్చార్ మేడమ్ నవ్వేస్తుంది: “రోజంతా వంగి లేస్తూనే ఉంటుంది కదండీ, ఆవిడకి యోగా ఎందుకు?”