చూర్ణానికి కీర్తి, గోళీకి నింద

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఒక బ్రహ్మాండమైన వైద్య పరిశోధన నడుస్తోంది. దరఖాస్తు లేదు, అనుమతి లేదు, ఎథిక్స్ కమిటీ లేదు. చేసేవాడికి తాను పరిశోధకుణ్నని తెలీదు. చేయించుకునే ఆడవాళ్లకు తమ మీద పరిశోధన జరుగుతోందని అసలే తెలీదు. అంశం మాత్రం గొప్పది: ఒంటికి ఆగని ఆడమనిషికి డాక్టరు రాసిన గోళీతో పాటు చెట్ల మందు చూర్ణం కూడా పట్టిస్తే ఏమవుతుంది? ఫలితం కోసం మనం ఎదురుచూడనక్కర్లేదు. డబ్బా మీద ముందే అచ్చేశారు.

జబ్బు పేరు డాక్టర్ల నోట ఓవర్‌యాక్టివ్ బ్లాడర్. మూత్రాశయం నిండకముందే దాని కండరం ముడుచుకుంటుంది. ఉన్నట్టుండి తోసుకొస్తుంది, పగలు పదే పదే వెళ్లాలి, రాత్రి నిద్ర తెగుతుంది, కొందరికి గడప దాటేలోపే చీర తడుస్తుంది. షుగరో ఇన్ఫెక్షనో ఉందేమో ముందు పరీక్ష చేయించుకోవాలి. కానీ ఈ సంగతి ఆమె మొగుడికి చెప్పదు, కొడుక్కి చెప్పదు, బీడీలు చుట్టే చోట పక్కనున్నామెకు కూడా చెప్పదు. చెప్పుకుంటే వదినెకు. వదినె దగ్గర మందు సిద్ధం: "గోళీలు వేడి జేస్తయే పిల్లా. గీ పొడి బెల్లంల కలుపుకొని తిను. చెట్ల మందుకు సైడెఫెక్టులు ఏముంటయ్?"

కామారెడ్డి బెల్లానికి పేరున్న ఊరు కాబట్టి అనుపానానికి కొదవ లేదు. షుగరున్నామె అయితే పరిశోధన ఇంకా రసవత్తరం.

ఇక చెట్ల మందుకు సైడెఫెక్టులు ఉండవన్న సిద్ధాంతాన్ని రోడ్డు పక్క ఉమ్మెత్తకు వినిపించాలి. ఈ జబ్బుకిచ్చే ఆక్సీబ్యుటినిన్, టాల్టెరోడిన్, సోలిఫెనాసిన్ గోళీలు మూత్రాశయ కండరానికి వచ్చే నరాల సంకేతాన్ని అడ్డుకుంటాయి. అదే సంకేతం నోట్లో, పేగుల్లో, మెదడులో కూడా ఆగుతుంది, అందుకే నోరెండుతుంది, మలబద్ధకం పట్టుకుంటుంది, పెద్ద వయసువాళ్లు తికమకపడతారు. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపాలమిన్ చేసేదీ సరిగ్గా ఈ పనే. మోతాదు మించితే ప్రాణం తీస్తాయి కూడా. అదీ చెట్టే మరి! అతిమధురం ఎక్కువ రోజులు గట్టిగా వాడితే బీపీ పెరుగుతుంది. మిరాబెగ్రాన్ అనే ఇంకో గోళీ కూడా బీపీ పెంచగలదు. ఆ రెండూ ఒకే ఒంట్లో కలుసుకుంటే ఏమవుతుందో వదినెకు తెలీదు. డాక్టరుకూ తెలీదు, ఎందుకంటే చూర్ణం సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. వెనక వరస అంత పొడుగుంటే ఎప్పుడడుగుతాడు?

చెట్ల మందు పనిచేయదని నేననడం లేదు. ఉలిమిరి బెరడును ఆయుర్వేదం ఎన్నాళ్లుగానో మూత్రవ్యాధులకు వాడుతోంది. ఆస్ట్రేలియా వాళ్లు దాన్నే మరో రెండు మూలికలతో కలిపి గుళిక చేసి, ఉత్తుత్తి గుళికతో పోల్చి చూసి, మేలు కనిపించిందని 2018లో ప్రచురించారు. చెట్టు మనది, పరీక్ష వాళ్లది. మన వంతుకు డబ్బా మీద నవ్వుతున్న ఆడమనిషి ఫొటో మిగిలింది.

అసలు పరీక్ష ఇలా ఉంటుంది. అందరూ ఒకే గోళీ వేసుకుంటారు. చీటీలు వేసినట్టు వాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు చూర్ణం, రెండో జట్టుకు అదే రంగు, అదే చేదు ఉన్న ఉత్తుత్తి పొడి ఇస్తారు. ఎవరికేది అందిందో రోగికీ తెలీదు, డాక్టరుకూ తెలీదు. ఎన్నిసార్లు వెళ్లారో, ఎన్నిసార్లు ఆగక పడిపోయిందో ప్రతి ఒక్కరూ పుస్తకంలో రాసుకోవాలి. ఇంత తతంగం ఎందుకంటే ఈ జబ్బుకు ఉత్తుత్తి గోళీ ఇచ్చినా చాలామందికి నిజంగానే తెరిపిస్తుంది. పేరున్న కోక్రేన్ సమీక్ష ఒకటి పరీక్షలన్నీ కలిపి చూసి తేల్చిందేమిటంటే, డాక్టరు గోళీ ఉత్తుత్తి గోళీని మించి తగ్గించింది వారానికి సుమారు అయిదు ప్రయాణాలు, నాలుగు తడవడాలు. రాసిన గోళీ ఆధిక్యమే అంత. దాని మీద చూర్ణం ఇంకెంత కలిపిందో కంటితో చూసి చెప్పగలిగిన వదినె నోబెల్ కమిటీలో ఉండాల్సింది.

పైగా గోళీ గుణం పూర్తిగా కనపడటానికి నాలుగు వారాలైనా పడుతుంది. ఆమె రెండు వారాలు ఓపిక పట్టి, మూడో వారం చూర్ణం మొదలుపెడుతుంది. నాలుగో వారం తెరిపిస్తుంది. కీర్తి చూర్ణానికి! నోరెండిందా, నింద గోళీకి. నోరెండిందని చెంబెడు నీళ్లు తాగి మళ్లీ దొడ్డికి పరిగెత్తితే, అప్పుడూ గోళీదే తప్పు. ఓడిపోవడానికి దారే లేని ఆట ఆడటం చూర్ణం అదృష్టం.

చట్టం ఏం చేస్తోందంటారా? చాలా చేసింది. పాత ఆయుర్వేద గ్రంథంలో ఉన్న యోగమైతే లైసెన్సుకు మనుషుల మీద కొత్త పరీక్ష అక్కర్లేదంది. ఫుడ్ సప్లిమెంట్ పేరుతో అమ్మితే ఔషధంగా వాడరాదని డబ్బా మీద రాయాలంది. రాస్తారు, చీమకు చత్వారం వచ్చేంత అక్షరాల్లో. మనుషుల మీద పరీక్ష చేస్తే ముందుగా నమోదు చేయించుకోవాలని 2009 జూన్ 15 నుంచి నియమం ఉంది. ఆ రిజిస్ట్రీ ఐసీఎంఆర్ నడుపుతోంది, నమోదుకు పైసా ఖర్చు లేదు. నమోదు చేస్తే మాత్రం ఫలితం ఏమైందని ఎవరైనా అడిగే ప్రమాదముంది.

సరైన అంగీకారం లేకుండా మనుషుల మీద పరీక్షలు చేసే ఈ విద్యలో మనకు పూర్వానుభవం లేకపోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా పరీక్ష జరిగినప్పుడు, ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో చీవాట్లు పెట్టింది. 2011లో పిడుగురాళ్ల పేద ఆడవాళ్లను డబ్బు ఆశ చూపి మందుల పరీక్షలకు తీసుకెళ్లారని గగ్గోలు పుట్టింది. అక్కడ కనీసం కాగితం ఉంది, సంతకం ఉంది, తిట్టడానికి ఒక మనిషి ఉన్నాడు. మన చూర్ణం పరిశోధనలో అంగీకార పత్రం బెల్లం ముక్కే.

2023లో కామారెడ్డికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఓపీకొచ్చే ఆడవాళ్లను "ఇంకేమైనా పొడి తింటున్నవా అమ్మా?" అని అడిగి రాసుకున్నా సగం పరీక్ష అయినట్టే. మూత్రాశయానికి శిక్షణ, కటి కండరాల వ్యాయామం అసలు మందుల కన్నా ముందు చెప్పాల్సినవి. వాటికి డబ్బా లేదు, కమీషన్ లేదు కాబట్టి అవి ఎవరి నోటా రావు.

పైన చెప్పిన రెండు జట్ల పరీక్ష ఎప్పుడైనా జరిగితే, అందులో మూడో జట్టును కూడా పెట్టమని నా మనవి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఎల్లారెడ్డి బస్సెక్కినామె పొద్దున్నుంచి నీళ్లు మానేసి, లింగంపేట దాటేదాకా పళ్లు బిగబట్టి కూర్చుంటుంది. ఈ మూడో జట్టుకు చూర్ణం వద్దు. దారిపొడుగునా నీళ్లొచ్చే, లోపల గొళ్లెం పడే మరుగుదొడ్లు ఇచ్చి, వాళ్లకు పుస్తకమిచ్చి రాయమనండి. జబ్బు తగ్గకపోవచ్చు, చీర మాత్రం తడవదు. ఈ జట్టుకు స్పాన్సరు దొరకడని నాకు తెలుసు, గొళ్లేన్ని పొడిచేసి డబ్బాలో పోసి అమ్మే ఉపాయం ఇంకా ఎవరికీ తట్టలేదు.