క్షిపణి పడ్డాక ఏం మాట్లాడాలి?

నాయనా, అమెరికా విదేశాంగ శాఖలో ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. అందులోనూ డ్రోన్లు తిరిగే దేశానికి వేశారంటే పైవాళ్లకి నీ మీద బాగా గురి కుదిరిందన్నమాట. ఆ దేశం చరిత్ర, భాష, అక్కడి మర్యాదలు అంటూ పుస్తకాలు ముందేసుక్కూర్చోకు. నీకు కావలసిన విద్య ఒకటే. క్షిపణి పడ్డ మర్నాడు ఏం మాట్లాడాలి, ఎవరి గురించి మాట్లాడాలి, ముఖ్యంగా ఏ వారం మాట్లాడాలి.

మొట్టమొదట, అసలు ఏమీ జరగనట్టే ఉండు. పాకిస్తాన్‌లో తొలి డ్రోన్ దాడి 2004 జూన్‌లో దక్షిణ వజీరిస్తాన్‌లో నేక్ మహమ్మద్ అనే తాలిబాన్ నాయకుడి మీద జరిగింది. అక్కడి దాడుల మాట ఒబామా నోట బాహాటంగా వచ్చింది 2012 జనవరిలో. మధ్యలో ఏడేళ్ల పైచిలుకు. ఇళ్లు కూలాయి, శవాల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి, ఊరేగింపులు నడిచాయి. వాషింగ్టన్ మాత్రం ఔననీ కాదనీ చెప్పలేదు. నీకూ అంత ఓపిక ఉండాలి.

నీకు చోటిచ్చిన ప్రభుత్వం కూడా కాస్త కలిసి రావాలనుకో. నేక్ మహమ్మద్‌ను చంపింది తామేనని పాక్ సైన్యం తనంతట తానే చెప్పుకుంది. యెమెన్ అధ్యక్షుడు సలే 2010లో అమెరికా జనరల్ పెట్రేయస్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ బాంబులు మీవి కావు మావేనని చెబుతూనే ఉంటాం లెండి అని భరోసా ఇచ్చాడు. పాక్ ప్రధాని గిలానీ 2008లో ఇంకా తేల్చి చెప్పాడు: తగలాల్సినవాళ్లకి తగిలితే నాకు అభ్యంతరం లేదు, పార్లమెంటులో గొడవ చేస్తాం, ఆ తరవాత వదిలేస్తాం. ఈ చివరి రెండు మాటలూ మనకెలా తెలిశాయంటావా? మీ రాయబార కార్యాలయాలవాళ్లే శ్రద్ధగా రాసి పంపుకున్నారు, వికీలీక్స్ బయటపెట్టింది. కాబట్టి విన్నది విన్నట్టు మరిచిపో, కాగితం మీద పెట్టకు.

ఇక లెక్కలు. ఇక్కడ మాత్రం మనసు పెట్టి వినాలి. క్షిపణి పడ్డచోట ఆయుధం పట్టే వయసున్న మగవాడు ఎవడు చచ్చినా ఉగ్రవాదుల ఖాతాలో రాసెయ్. వాడు అమాయకుడని చచ్చాక గట్టి సమాచారం దొరికితే అప్పుడు కొట్టేద్దువుగాని. ఇది నా సొంత తెలివి కాదు. ఒబామా ప్రభుత్వం ఇలాగే లెక్కగడుతోందని 2012 మేలో న్యూయార్క్ టైమ్స్ రాసింది, చెప్పినవాళ్లు ఆ ప్రభుత్వంలోని అధికారులే. ఎంత సుఖమో చూడు. నిర్దోషినని రుజువు చేసుకోవలసినవాడు పోయాడు, చూసిన సాక్షీ పక్కనే పోయాడు. మిగిలినవాళ్లు చెబుదామన్నా, ఆ కొండల్లోకి పోయి వాంగ్మూలం రాసుకొచ్చే గుమాస్తాని ఎవరూ పంపరు.

ఆ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో తెలియాలంటే 2011 మార్చి చూడు. రేమండ్ డేవిస్ అని సీఐఏ కాంట్రాక్టు మనిషి ఆ జనవరిలో లాహోర్ నడివీధిలో ఇద్దరిని కాల్చి చంపాడు. అధ్యక్షుడంతటివాడు అతన్ని మన దౌత్యవేత్త అన్నాడు. (ఏళ్ల తరబడి పరీక్షలు రాసి దౌత్యవేత్తలైనవాళ్లు ఆ రోజు ఏమనుకున్నారో!) చివరికి చచ్చినవాళ్ల కుటుంబాలకి ఇరవై లక్షల డాలర్లకు పైగా ముట్టాక, మార్చి 16న అతను జైలునుంచి బయటపడ్డాడు. మర్నాడే ఉత్తర వజీరిస్తాన్‌లో దత్తా ఖేల్ దగ్గర క్షిపణులు పడ్డాయి. అక్కడ కూర్చున్నది జిర్గా, అంటే తెగపెద్దల పంచాయితీ. క్రోమైట్ గని ఎవరిదన్న తగువు తేల్చుకోవడానికి చేరారు. ఫలానా రోజు కూర్చుంటున్నామని దగ్గరున్న సైనిక స్థావరానికి ముందే కబురు కూడా పెట్టారు. నలభైమంది దాకా పోయారు. అందులో తాలిబాన్లు కొందరున్నారు, ఎక్కువమంది ఊరి పెద్దలూ సర్కారు జీతం మీద బతికే గిరిజన పోలీసులూను. వాళ్లేమీ అక్కడ కేకులు అమ్ముకోవడానికి చేరలేదులెండి అని పేరు చెప్పని అమెరికా అధికారి ఒకాయన విలేఖరులతో అన్నాడు. పేరు చెప్పకపోవడం గమనించు, అదీ చిట్కాయే. నాలుగు నెలలు తిరక్కుండానే, జూన్‌లో, అధ్యక్షుడి సలహాదారు జాన్ బ్రెన్నన్ దాదాపు ఏడాదిగా ఒక్క అమాయకుడి ప్రాణం కూడా పోలేదని సభలో చెప్పాడు. ఆ ఏడాదిలోనే దత్తా ఖేలూ ఉంది.

అప్పుడు ఇస్లామాబాద్‌లో రాయబారి కామరన్ మంటర్. ఆయన చేసిన తప్పు నువ్వు చెయ్యకు. డేవిస్ గొడవ సద్దుమణిగిన మర్నాడే ఈ దాడేమిటి, ఆపండని ఆయన అడ్డుపడ్డాడనీ, సీఐఏ అధిపతి పనెట్టా కాదు పొమ్మన్నాడనీ పత్రికలు రాశాయి. చూశావా, దేశానికి ప్రతినిధిని కదా, నా మాట వింటారనుకున్నాడు పాపం. మనుషుల్ని చంపడమే తన అసలు ఉద్యోగమని తెలియక వచ్చానని మంటర్ తోటివాళ్లతో అన్నాడట. 2012లో ఇంటికెళ్లిపోయాడు. నువ్వు మాత్రం అడ్డుపడకు. అడ్డుపడితే ఆగదు, పైగా నీ మాట చెల్లలేదన్న సంగతి ఊరంతా తెలుస్తుంది.

క్షమాపణ ఎప్పుడు చెప్పాలన్నది అడుగుతున్నావు. పాస్‌పోర్టు చూసి చెప్పాలి. 2012 అక్టోబరు 24న ఉత్తర వజీరిస్తాన్‌లో అరవై దాటిన ఒక ముసలమ్మ చేలో బెండకాయలు కోసుకుంటోంది, మనవలు చుట్టుపక్కలే ఉన్నారు. క్షిపణి తిన్నగా ఆవిడ మీదే పడింది. మనవడూ మనవరాలూ గాయాలతో బయటపడ్డారు. ఏడాది తరవాత వాళ్ల నాన్న, బడిపంతులు, ఆ పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని వాషింగ్టన్ వచ్చి మా అమ్మని ఎందుకు చంపారని అడిగాడు. వినడానికి వచ్చిన కాంగ్రెస్ సభ్యులు ఐదుగురు. మబ్బు పట్టిన రోజు డ్రోన్లు ఎగరవు గనక తనకి నీలాకాశం ఇష్టం లేదని పదమూడేళ్ల పిల్లాడు చెప్పాడు. ప్రభుత్వం నుంచి జవాబు లేదు. అదే 2015 జనవరిలో పాక్-ఆఫ్ఘన్ సరిహద్దులో కొట్టిన దాడిలో అల్ ఖైదా చెరలో ఉన్న అమెరికన్ ఒకరు, ఇటాలియన్ ఒకరు పోయారు. ఏప్రిల్‌లో అధ్యక్షుడు కెమెరాల ముందు నిలబడి, బాధ్యత నాదే, క్షమించండి అన్నాడు. మంచిదే, అనవలసిందే. బెండకాయలు కోసే ఆవిడకి మాత్రం ఆ కెమెరాలు దొరకలేదు.

చివరిగా వారం సంగతి. ఎప్పటికైనా చెప్పక తప్పని మాట ఉంటే శుక్రవారం దాకా దాచిపెట్టు. 2009 నుంచి 2015 దాకా యుద్ధరంగాల బయట 473 దాడుల్లో పోయిన అమాయకులు 64 నుంచి 116 మంది అన్న లెక్కను 2016 జులై 1న విడుదల చేశారు. స్వాతంత్ర్య దినం సెలవులకి అందరూ పెట్టెలు సర్దుకుంటున్న శుక్రవారం అది. ఏ దేశంలో ఎందరో లేదు, ఏ ఏడాది ఎందరో లేదు. ఏటా అలా లెక్క చెప్పాలన్న నిబంధనను 2019 మార్చిలో ట్రంప్ తీసేశాడు, ఆ మేరకు నీకు పని తగ్గింది.

కాబూల్‌లోనూ ఇదే వరస. 2021 ఆగస్టు 29న ఒక తెల్ల కరోలా కారుని ఎనిమిది గంటలపాటు పైనుంచి కనిపెట్టి, ఇంటి ముంగిట్లోకి రాగానే కొట్టారు. పేలుడు సామాను అనుకున్నవి నీళ్ల డబ్బాలు. పదిమంది పోయారు, అందులో ఏడుగురు పిల్లలు. ఇది న్యాయమైన దాడేనని మూడు రోజులకి అమెరికా జనరల్ మిల్లీ అన్నాడు. విలేఖరులు ఆ వీధికి వెళ్లి, వీడియోలు ఒక్కొక్కటే తిప్పి చూసి, కాదని తేల్చాక సెప్టెంబరు 17న పెంటగాన్ పొరపాటు ఒప్పుకుంది. అదీ శుక్రవారమే. ఇందుకు ఎవరి మీదా చర్య ఉండదని ప్రకటించింది మాత్రం డిసెంబరు 13, సోమవారం. దానికి వారం చూడాల్సిన పనిలేదనుకున్నట్టున్నారు.