పెసరట్టు పాఠభేదం: టీకా తాత్పర్య సహితం

మూలం

--- ధరలు.పాత
+++ ధరలు.కొత్త
@@ -3,7 +3,7 @@
 ఇడ్లీ 40
 వడ 45
 పూరీ 50
-పెసరట్టు 60
+పెసరట్టు 70
 ఉప్మా 45
 టీ 20
 కాఫీ 30

అవతారిక. ఒకానొక టిఫిన్ హోటలు ధరల పట్టిక రెండు ఫైళ్లుగా ఉండగా, వాటి తారతమ్యం తెలియగోరిన గుమాస్తా టెర్మినల్‌లో ‘డిఫ్ -యు’ కొట్టి, పాత ఫైలు పేరు ముందు, కొత్త ఫైలు పేరు తర్వాత చెప్పి ఎంటర్ నొక్కగా వెలువడిన పద్యమిది. మొదటి రెండు పాదాల చివర రావలసిన తేదీ, సమయాలు ఛందోభంగ భయంతో పరిహరింపబడ్డాయి. ఫైళ్ల పేర్లు తారుమారు చేస్తే పెసరట్టు పది రూపాయలు తగ్గినట్టు కనిపిస్తుంది. గిరాకీ పెరుగుతుంది గానీ అర్థం చెడుతుంది.

ప్రతిపదార్థం. --- = పాత ప్రతి; +++ = కొత్త ప్రతి; @@ = ఇక్కడ ఒక ముక్క మొదలు (వాడుకలో ‘హంక్’); -3,7 = పాత ప్రతిలో మూడో పంక్తి మొదలుకొని ఏడు పంక్తులు; +3,7 = కొత్త ప్రతిలోనూ అంతే; -పెసరట్టు 60 = పోయిన పంక్తి (మైనస్ అరవై రూపాయలని కొందరి అపోహ); +పెసరట్టు 70 = వచ్చిన పంక్తి; తక్కినవి = ముందు ఖాళీ జాగా ఉన్నందున మార్పు లేనివి.

తాత్పర్యం. పెసరట్టు పది రూపాయలు పెరిగింది.

ఆక్షేపణ: ఆరు ఏడైనంత మాత్రాన పంక్తంతా కొట్టేసి మళ్లీ రాయాలా? సమాధానం: డిఫ్‌కు పంక్తే ప్రమాణం. చివర ఒక ఖాళీ చేరినా అది వేరే పంక్తే. బెల్ ల్యాబ్స్‌లో ఈ పనిముట్టును తయారుచేసిన డగ్లస్ మెక్‌ల్రాయ్, జేమ్స్ హంట్‌తో కలిసి 1976లో దీని లోగుట్టు విప్పుతూ ఒక పత్రం వెలువరించారు. డిఫ్ రెండు ఫైళ్లలోనూ ఒకే క్రమంలో వచ్చే పంక్తుల్లో అతి పొడవైన వరుసను ముందు తేల్చుకుంటుంది. అందులో ఇమడనివే తేడాలు. భేదం చెప్పమంటే అభేదాన్ని వెతుకుతుందన్నమాట. అద్వైతులు సంతోషించవచ్చు. ఫైళ్లు రెండూ ఒకటే అయితే అసలు నోరే మెదపదు. ఇక్కడ మౌనం అర్ధాంగీకారం కాదు, పూర్ణాంగీకారం.

తెలుగు ఫైళ్లకు ఒక పీడ అదనం. రెండు ప్రతుల్లోనూ ‘బ్రౌన్’ అనే కనబడుతుంది, అయినా డిఫ్ ఒకదానికి మైనస్, ఇంకోదానికి ప్లస్ తగిలిస్తుంది. ఒకదానిలో పొల్లు తర్వాత, అక్షరాలు కలవకుండా ఆపే సున్నా వెడల్పు గుర్తు పడి ఉంటుంది. కంటికి ఆనదు, యూటీఎఫ్-8లో మాత్రం మూడు బైట్లు తింటుంది. పండితులను పెట్టుకుని వేమన పద్యాల ప్రతులు పోల్పించిన సీపీ బ్రౌన్‌కు ఈ బాధ లేదు. తాళపత్రం మీద కనిపించని గుర్తు ఉండదు.

ఇక నాయక నిర్ణయం. ప్లస్సూ మైనస్సూ ధరించినందున పెసరట్టే నాయకుడని పూర్వపక్షం. అది పొరపాటని ‘ప్యాచ్’ వచ్చాక తేలింది. తర్వాత పెర్ల్ భాషను సృష్టించిన లారీ వాల్ 1985లో దీన్ని రాశారు. డిఫ్ ఇచ్చిన ముక్కను తీసుకుని పాత ఫైలుకు అతికించడం దీని పని. పట్టిక పైన ఎవరో రెండు పంక్తులు చేర్చారనుకుందాం. ‘-యు’ లేని పాత తరహా డిఫ్ అయితే ‘6సి6’ అని, మారిన పంక్తిని చూపి ఊరుకునేది; ఇప్పుడు ఆరో పంక్తిలో ఉన్నది వడ! మన పద్యంలో ఆ భయం లేదు. ప్యాచ్ అంకెను నమ్ముకుని కూర్చోక, పైన మూడు, కింద మూడు పంక్తుల ఆనవాలు పట్టుకుని వెతుకుతుంది. దొరికాక, రెండు పంక్తులు జరిగి అతికించానని చెబుతుంది. కాబట్టి మారని ఆ పంక్తులే నాయకులని సిద్ధాంతం. ‘-యు’ ఇచ్చే ఈ పొందికైన రూపం 1990లో వేన్ డేవిసన్ చలవ.

కాఫీ ధర ఎవరైనా మార్చినా ప్యాచ్ సర్దుకుపోతుంది: అటూ ఇటూ చివరి పంక్తులను వదిలేసి మళ్లీ చూస్తుంది. దీనికి ‘ఫజ్’ అని పేరు. మామూలుగా రెండు పంక్తుల దాకా ఓర్పు. కానీ పక్కనే ఉన్న ఉప్మా ధర మారిందా, ఓర్పు చాలదు. ముక్కను ‘.రెజ్’ ఫైలులో పడేసి తప్పుకుంటుంది. ఇక చేత్తో దిద్దుకోవడమే. అందుకే అనుభవజ్ఞులు ముందు ‘--డ్రై-రన్’తో ఉత్తుత్తి అతుకు వేసి చూస్తారు. అతికిందాన్నే మళ్లీ అతికించబోతే, ఇది ముందే అయినట్టుంది, తిరగేయమంటారా అని అడుగుతుంది. కంగారులో సరేనంటే పెసరట్టు మళ్లీ అరవై.

లినక్స్ కెర్నల్‌కు మార్పులు నేటికీ ఈ వేషంలోనే ఈమెయిల్లో వెళ్తుంటాయి. కొన్ని మెయిల్ ప్రోగ్రాములు చక్కదిద్దుతున్నామనుకుని ట్యాబులను ఖాళీలుగా మారుస్తాయి, పంక్తులు విరుస్తాయి. మన పద్యంలో ఉప్మా ముందున్న ఆ ఒక్క ఖాళీ జాగా ఎగిరిపోతే చాలు. ప్యాచ్ పెసరట్టు జోలికే పోదు. తొమ్మిదో పంక్తి దగ్గర ముక్క వికారంగా ఉందని, సాక్ష్యంగా ఉప్మా పంక్తినే ఎత్తి చూపి పని ఆపేస్తుంది.